బెజవాడ ఎండ, కృష్ణ మీద మంచు: గేమ్‌లో వాతావరణానికి ఏ పద్ధతి మేలు?

ఏ గేమ్ ఇంజిన్‌లోనైనా (అన్‌రియల్, యూనిటీ, గోడో లాంటి గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో) కొత్త సీను తెరిచి భౌతికశాస్త్రం ప్రకారం నడిచే ఆకాశాన్ని ఆన్ చేయండి. అప్పుడు వచ్చే గాలి మన గాలి కాదు. అన్‌రియల్‌లోని స్కై అట్మాస్ఫియర్ మొదట ఇచ్చే అంకెలను కలిపి లెక్క కడితే నేలమట్టంలో కనుచూపు మేర దాదాపు 200 కిలోమీటర్లు తేలుతుంది. మే నెల మధ్యాహ్నం ఇంద్రకీలాద్రి మెట్ల మీద నిలబడితే పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని మంగళగిరి కొండే మసకగా కనిపిస్తుంది. బెజవాడ, గుంటూరుల్లో నడిచే గేమ్ తయారుచేసేవాళ్లు చాలామంది ఖరీదైన మేఘాల వెంట పడి ఈ మసకను మరిచిపోతారు. ఆ తర్వాత సీను ఎంత అందంగా ఉన్నా ఎక్కడో యూరప్ ఊరిలా ఉందేమిటని తలపట్టుకుంటారు.

అందుకే ఈ పోలికలో మా మొగ్గు ముందే చెప్పేస్తున్నాం. కృష్ణా డెల్టా సీనులో మెషీన్ శక్తిని ఖర్చు పెట్టాల్సింది పొగమంచు మీద, తడి మీద, వెలుతురు మీద. మేఘాలది తర్వాతి వరుస.

ముందు దూరం తేల్చుకోండి

ఏ పద్ధతి తీసుకున్నా మొదట ఒక అంకె కావాలి: ఎన్ని మీటర్ల అవతల వస్తువు కనిపించకుండా పోవాలి? భారత వాతావరణ శాఖ లెక్కలో 1000 మీటర్ల లోపు కనిపిస్తేనే పొగమంచు. 200 నుంచి 499 మీటర్లయితే ఓ మోస్తరు, 50 నుంచి 199 అయితే దట్టం, 50 లోపు అతి దట్టం. సంక్రాంతి ముందు తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద సీను అనుకుందాం. బ్యారేజీ పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు, గేట్లు 70. కనుచూపు మేర 200 మీటర్లు పెడితే ఓ పన్నెండు గేట్లు కనిపించి మిగతావి తెల్లదనంలో కలిసిపోవాలి. సీనులో గేట్లు లెక్కపెట్టి చూసుకోండి, ఇంతకంటే మంచి కొలత దొరకదు.

దూరాన్ని సాంద్రతగా మార్చడం తేలిక. ఎక్స్‌పొనెన్షియల్ ఫాగ్ (ప్రతి మీటరుకూ మిగిలిన వెలుగులో ఒకే వంతు తగ్గించే మంచు) అయితే 3.912ను మీటర్లలో ఉన్న దూరంతో భాగించండి. 200 మీటర్లకు 0.0196, 500కు 0.0078, వేసవి మసక 5 కిలోమీటర్లకు 0.00078 వస్తాయి. వెనకనున్న వెలుగుతో పోలిస్తే వస్తువు తేడా 2 శాతానికి పడిపోయే దూరం ఇది. యూనిటీలోను, గోడో మామూలు ఫాగ్‌లోను ఈ అంకె నేరుగా సరిపోతుంది, సీను కొలతలు మీటర్లలో ఉంటే చాలు. అన్‌రియల్ హైట్ ఫాగ్‌లో (ఎత్తుకు పోయేకొద్దీ పల్చబడే మంచులో) సాంద్రత అంకె వేరే కొలతలో ఉంటుంది కాబట్టి అక్కడ లెక్క కట్టకండి. 100, 200, 500, 1000 మీటర్ల దగ్గర నల్ల దిమ్మెలు నిలబెట్టి, కావలసిన దిమ్మె మాయమయ్యే వరకు విలువ జరపండి.

యూనిటీలో ఎక్స్‌పొనెన్షియల్ స్క్వేర్డ్ అనే ఇంకో రకం ఉంది. దానికి 1.978ని దూరంతో భాగించాలి. రెండింటికీ నడిమధ్య దూరంలో పెద్ద తేడా వస్తుంది. 200 మీటర్ల మంచులో 100 మీటర్ల దగ్గరి వస్తువు మామూలు ఎక్స్‌పొనెన్షియల్‌లో 14 శాతమే మిగులుతుంది, స్క్వేర్డ్‌లో 38 శాతం మిగులుతుంది. నిజమైన మంచు మొదటి రకంలా ఉంటుంది. రెండోది దగ్గరంతా తేటగా ఉంచి దూరాన గోడ కట్టినట్టు చేస్తుంది. ఫోన్ గేమ్‌లో దూరపు బిల్డింగులు గీయకుండా దాచేయాలంటే ఆ గోడే పనికొస్తుంది. దూరంతో పాటు ఒకే తీరున పెరిగే లీనియర్ ఫాగ్‌ను మాత్రం ఈ రోజుల్లో ఎంచుకోవడానికి కారణం కనపడదు, పాతకాలపు గేమ్ రూపం కావాలనుకుంటే తప్ప.

ఆకాశం: మూడు దారులు

మొదటిది ఫొటో ఆకాశం. 360 డిగ్రీల హెచ్‌డీఆర్‌ఐ బొమ్మను (వెలుగు తీవ్రతను కూడా దాచుకున్న ఫొటోను) చుట్టూ చుట్టేయడం. ఖర్చు దాదాపు సున్నా, నాణ్యత బొమ్మను బట్టి. పొద్దు కదలని గేమ్‌కు, ఒక్క సాయంత్రం బెంజిసర్కిల్‌లో జరిగే కథకు ఇది చాలు. అయితే రెండు చిక్కులున్నాయి. బొమ్మలోని సూర్యుడు, సీనులోని డైరెక్షనల్ లైట్ (ఎండలా ఒకే దిక్కు నుంచి పడే లైటు) ఒకే దిక్కున లేకపోతే నీడలు అబద్ధం చెబుతాయి. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మల్లో చాలావరకు చల్లని దేశాల తేట ఆకాశాలే, నీలం మరీ చిక్కగా ఉంటుంది. వేసవి బెజవాడకు ఆ నీలాన్ని తగ్గించి, దిగంతం దగ్గర పాలిపోయిన తెలుపు కలపాలి.

రెండోది సూత్రంతో రంగు లెక్కకట్టే ఆకాశం. గోడోలోని ఫిజికల్ స్కై మెటీరియల్ 1999 నాటి ప్రీతమ్ నమూనా మీద నడుస్తుంది. 2012లో వచ్చిన హోసెక్-విల్కీ నమూనా దానికంటే దిగంతాన్ని మేలుగా చూపిస్తుంది, నేల రంగును కూడా లెక్కలోకి తీసుకుంటుంది. మసకను టర్బిడిటీ అనే ఒక్క అంకెతో జరపొచ్చు. తేటగాలికి 2 చాలు, గోడో మొదట ఇచ్చేదే 10. సూర్యుడు దిగంతం కిందికి దిగాక ఈ నమూనాలు చేతులెత్తేస్తాయి, ఆకాశం ఒక్కసారిగా నల్లబడుతుంది. ఇక్కడ అక్షాంశం తక్కువ కాబట్టి మునిమాపు ఎలాగూ పొట్టిది. సూర్యుడు మునిగాక దిగంతానికి 6 డిగ్రీల కిందికి చేరడానికి 22, 23 నిమిషాలు పడుతుంది. గేమ్‌లో ఒక రోజు 24 నిమిషాలైతే ఆ వేళ మొత్తం 23 సెకన్లలో అయిపోతుంది. అంత తక్కువ సేపటికి చేత్తో వేసిన రంగుల పట్టీ ఒకటి కలిపేస్తే ఆటగాడికి తేడా తెలియదు.

మూడోది గాలి పొరల గుండా వెలుగు చెదరడాన్ని నిజంగా లెక్కకట్టే పద్ధతి. 2008 నాటి బ్రునెటన్-నెయ్రే పద్ధతి పెద్ద పట్టికలను ముందే తయారు చేసుకుంటుంది. చూడ్డానికి గొప్పగా ఉంటుంది కానీ మసక మారినప్పుడల్లా పట్టికలన్నీ మళ్లీ కట్టాలి. గాలిదుమ్ము లేచి వాన వచ్చి తేటపడే ఊరికి అది కుదరదు. 2020లో హిలేర్ ప్రచురించిన పద్ధతి ఆ కొరత తీర్చింది. దాని నాలుగు పట్టికలు చిన్నవి: వెలుగు ప్రసారానికి 256×64, పదేపదే చెదిరే వెలుగుకు 32×32, ఆకాశానికి 192×108, దూరపు మసకకు 32×32×32. అన్నీ కలిపినా 71 వేల చుక్కల (పిక్సెళ్ల) లోపే. 1080పీ తెర మీద 20 లక్షల పైచిలుకు చుక్కలుంటాయి, వాటితో పోలిస్తే ఇవి ఎంత? అందుకే ప్రతి ఫ్రేములోనూ మళ్లీ కట్టుకోగలుగుతుంది. అన్‌రియల్ స్కై అట్మాస్ఫియర్ ఇదే. రోజు తిరిగే, రుతువు మారే గేమ్‌ను ల్యాప్‌టాప్ మీద ఆడించాలనుకుంటే మా ఓటు దీనికే.

అందులో మార్చాల్సింది ‘మీ’ (Mie) స్కాటరింగ్, అంటే గాలిలోని దుమ్ము, తేమ కణాల వల్ల వెలుగు చెదరడం. మొదట ఉండే విలువ కిలోమీటరుకు 0.004 దగ్గర. వేసవి మసకకు 0.1 నుంచి 0.2 మధ్య పెట్టి, ఎత్తు కొలత 1.2 కిలోమీటర్లలోనే ఉంచండి. 5 కిలోమీటర్ల మసక కోసం మొత్తం భారం ‘మీ’ స్కాటరింగ్ మీదే వేస్తే సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా పాలిపోతాడు. మిగతా పని హైట్ ఫాగ్‌కు అప్పగించండి. రేలీ విలువలను ముట్టుకోవద్దు. అవి గాలి అణువులవి, బెజవాడలోనైనా బెర్లిన్‌లోనైనా ఒకటే.

నడినెత్తి సూర్యుడు తెచ్చే తంటా

విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు 7 ప్రాంతంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండింటి మధ్య, రోహిణి కార్తె సహా, మధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి ఉంటాడు. జూన్ 21న ఎత్తు 83 డిగ్రీలు, అదీ ఉత్తరం వైపు. డిసెంబరు 21న దక్షిణాన 50 డిగ్రీలే.

లైటును తిప్పే కోడ్‌లో లుక్-ఎట్ (ఒక వస్తువును ఫలానా వైపు చూసేలా తిప్పే ఫంక్షన్) వాడి పైదిక్కును నిట్టనిలువుగా ఇస్తే, చూసే దిక్కూ పైదిక్కూ ఒకే గీత మీదికి వచ్చిన క్షణంలో లెక్క చెడిపోతుంది. నీడలు ఒక ఫ్రేము అటూ ఇటూ గిర్రున తిరుగుతాయి, లేదా లైటు ఆరిపోతుంది. చల్లని దేశాల సీన్లలో సూర్యుడు అంత ఎత్తుకు రాడు కాబట్టి అక్కడివాళ్లు రాసిన ట్యుటోరియల్ కోడ్‌లో ఈ తప్పు బయటపడదు. పైదిక్కుగా ఉత్తరం అక్షాన్ని ఇవ్వండి. సూర్యుడు ఉత్తర దక్షిణ దిగంతాలకు ఎప్పుడూ రాడు కాబట్టి ఇబ్బంది ఉండదు.

నీడలు కాళ్ల కిందికి చేరిన వేళ సీను చదునుగా కనిపిస్తుంది. అప్పుడు రూపం ఇచ్చేది నేల మీద పడి ఎగసే వెలుగు. సిమెంటు రోడ్డు, తెల్ల సున్నం గోడల నుంచి వచ్చే ఆ ఎదురు వెలుగు లేకపోతే ఆటోల కింద, అరుగుల కింద నల్లటి గుంతలు పడతాయి. అలాంటప్పుడు స్కై లైట్‌ను (ఆకాశం నుంచి అన్ని వైపులా పడే వెలుగును), నేల రంగును సరిచూడండి. సూర్యుడికి లక్ష లక్సుల పైన ఇచ్చారంటే ఎక్స్‌పోజర్‌ను (కెమెరా తీసుకునే వెలుగు మోతాదును) ఈవీ 15 దగ్గర బిగించండి. ఆటో ఎక్స్‌పోజర్‌ను పూర్తిగా వదిలేస్తే అది మంచునూ ఎండనూ ఒకే బూడిదరంగుకు లాగేస్తుంది.

మంచు: పల్చటి తెరా, నిండైన గాలా?

హైట్ ఫాగ్ అంటే ఎత్తు పెరిగేకొద్దీ పల్చబడే మంచు. ఖర్చు నామమాత్రం, ఫోన్లలోనూ నడుస్తుంది. కృష్ణ మీద తెల్లవారుజాము మంచుకు, ఉండవల్లి వైపు చేల మీద పరుచుకునే పొరకు ఇదే తగినది. మంచు అడుగును నీటిమట్టానికి కట్టండి, 15, 20 మీటర్లలో సగానికి పల్చబడేలా చూడండి. బ్యారేజీ దీపస్తంభాల తలలు పైన తేలినట్టు కనిపిస్తే కుదిరినట్టే.

వాల్యూమెట్రిక్ ఫాగ్ వేరు. కెమెరా ముందున్న గాలిని గడులుగా కోసి ప్రతి గడిలో వెలుగెంతో లెక్కకడుతుంది. 1080పీలో 16 చుక్కలకో గడి, లోతున 64 పొరలు పెడితే 5 లక్షల 22 వేల గడులు. 8 చుక్కలకో గడి, 128 పొరలు చేస్తే అది 8 రెట్లు, 41 లక్షలు దాటుతుంది. నాణ్యత ఒక మెట్టు పెంచితే ఫ్రేము రేటు ఎందుకు కుప్పకూలుతుందో ఈ లెక్కే చెబుతుంది. ఇది నిజంగా రాణించేది వెలుగు ముక్కలైన చోట: మిర్చి యార్డు షెడ్డులో రేకుల సందుల నుంచి పడే ఎండ, రాత్రి లారీ హెడ్‌లైట్లు, గుడి ధూపం. విశాలమైన బయలులో దీని లాభం చాలా తక్కువ.

కాబట్టి ఊరంతటికీ హైట్ ఫాగ్ వేసి, అవసరమైన షెడ్డులో మాత్రమే వాల్యూమెట్రిక్ పెట్టె పెట్టండి. గోడోలో ఫాగ్ వాల్యూమ్, యూనిటీ హెచ్‌డీఆర్‌పీలో (బలమైన మెషీన్ల కోసం ఉన్న దాని రెండరింగ్ పద్ధతిలో) లోకల్ వాల్యూమెట్రిక్ ఫాగ్ అందుకే ఉన్నాయి. అయితే గోడో వాల్యూమెట్రిక్ ఫాగ్ ఫార్వర్డ్ ప్లస్ రెండరర్‌లో (తెర మీద సీను గీసే పద్ధతుల్లో ఒకదానిలో) మాత్రమే నడుస్తుంది, హెచ్‌డీఆర్‌పీ ఫోన్లకు పనికిరాదు. ఫోన్ మీదికి తేవాలనుకున్న గేమ్‌ను వీటి మీద కట్టడం మొదలెడితే సగం దారిలో మొత్తం విప్పాల్సి వస్తుంది.

ఇక్కడ తరచూ ఎదురయ్యే తప్పులు మూడు. మొదటిది దిగంతంలో గీత: ఆకాశం ఒక రంగు, మంచు ఇంకో రంగు. మంచుకు విడిగా రంగు ఇవ్వడం మానేసి ఆకాశం నుంచే తీసుకోనివ్వండి. గోడోలో ఏరియల్ పెర్‌స్పెక్టివ్ విలువను సున్నా నుంచి పైకి జరపాలి. హెచ్‌డీఆర్‌పీలో ఫాగ్ రంగును స్కై కలర్‌కు మార్చాలి. అన్‌రియల్‌లో ప్రాజెక్టు సెట్టింగుల్లో ఆకాశం హైట్ ఫాగ్‌ను ప్రభావితం చేసే ఆప్షన్ పెట్టి, ఫాగ్ సొంత రంగులను నలుపు చేయాలి. ఆ నలుపు దగ్గరే చాలామంది ఆగిపోతారు, మంచు నల్లబడుతుందేమోనని. నల్లబడదు. సొంత రంగు తీసేస్తే ఆకాశం రంగే మిగులుతుంది. డైరెక్షనల్ లైట్‌కు అట్మాస్ఫియర్ సన్ లైట్ టిక్కు పెట్టడం కూడా మరవకండి.

రెండోది లైట్ల తోక. బందరు రోడ్డు మీద ఆటో దూసుకుపోతుంటే దాని వెలుగు వెనక మంచులో సాగుతూ ఉంటుంది. పాత ఫ్రేముల్ని కలిపి నునుపు చేసే పని వల్ల ఇలా అవుతుంది. గోడోలో టెంపొరల్ రీప్రొజెక్షన్ మొదట 0.9 ఉంటుంది. కదిలే లైట్లకు వాల్యూమెట్రిక్ ఫాగ్ ఎనర్జీ తగ్గించడం మొదటి మందు, 0.9ను తగ్గించడం రెండోది. మరీ తగ్గిస్తే మంచు మిణుకుమిణుకుమంటుంది. మూడోది ఆకాశంలో రంగుల మెట్లు, ముఖ్యంగా సాయంత్రం. డిబ్యాండింగ్ ఆన్ చేస్తే పోతుంది.

మేఘాలు

ఆటగాడు నేల మీదే తిరిగితే రెండు పొరల బొమ్మ మేఘాలు చాలు. వాటికంటే ముఖ్యం మేఘాల నీడ. డైరెక్షనల్ లైట్‌కు కదిలే నలుపు తెలుపు బొమ్మ తొడిగితే తెనాలి వైపు వరి చేల మీద నీడ పరుగెత్తుతుంది, ఖర్చేమీ ఉండదు. విమానం ఎగిరే గేమ్‌కో, తుఫాను కథకో మాత్రం వాల్యూమెట్రిక్ మేఘాలు తప్పవు. అప్పుడు 4×4 చుక్కల గడిలో ఫ్రేముకు ఒక్క చుక్కే కొత్తగా లెక్కకట్టే పద్ధతి వాడండి, లేకపోతే మేఘాలే ఫ్రేము మొత్తం తినేస్తాయి. ఎత్తు కూడా సరిచూడండి. అన్‌రియల్ మేఘాల అడుగు మొదట 5 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఉష్ణోగ్రత నుంచి మంచుబిందు ఉష్ణోగ్రతను (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రతను) తీసేసి 125తో హెచ్చిస్తే మబ్బు అడుగు మీటర్లలో వస్తుంది. 36 డిగ్రీలు, 26 డిగ్రీలైతే 1250 మీటర్లు. ముసురు రోజున 28, 26 అయితే 250 మీటర్లే. మబ్బు నెత్తిన కూర్చున్నట్టు ఉండే ఆ ఉక్కపోత 5 కిలోమీటర్ల ఎత్తు మేఘాలతో రాదు.

వాన

చినుకుల్ని ఊరంతా కురిపించకండి. కెమెరా చుట్టూ 20 మీటర్ల పొడవు, 20 వెడల్పు, 10 ఎత్తున్న పెట్టెలో కురిపించి, ఆ పెట్టెను కెమెరాతో కదపండి. ఫోన్‌లో 1500, 2000 చినుకులు, ల్యాప్‌టాప్‌లో 8 నుంచి 10 వేలతో మొదలుపెట్టండి. దూరపు వానను ఫాగ్‌తోనే చూపాలి. జడివానలో కనుచూపు మేరను 1000, 1500 మీటర్లకు దించితే ఆ పని తీరుతుంది.

ఎక్కువ గేమ్‌లలో చినుకు గీత మీటరు పొడవుండి సూదుల్లా కనిపిస్తుంది. 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు 6.5 మీటర్ల వేగంతో పడుతుంది. సెకనులో 60వ వంతులో అది సాగేది 11 సెంటీమీటర్లు. కంటికి ఇంపుగా 20 వరకు సాగదీయొచ్చు. గాలి వాలు కూడా ఈ వేగంతోనే తేలుతుంది. గంటకు 36 కిలోమీటర్ల ఈదురుగాలిలో చినుకు నిలువు నుంచి 57 డిగ్రీలు వాలుతుంది, 90 కిలోమీటర్ల తుఫాను గాలిలో 75 డిగ్రీలు. దిక్కు తప్పకండి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ దాటినట్టు బాపట్ల దగ్గర తీరం దాటే తుఫాను కేంద్రం గుంటూరుకు దక్షిణాన ఉంటుంది. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది కాబట్టి కేంద్రం దక్షిణాన ఉన్నంతసేపు గుంటూరు మీద తూర్పు గాలి వీయాలి.

ఇంటి కప్పు కింద వాన పడటం రెండో పెద్ద తప్పు. పైనుంచి కిందికి చూసే కెమెరాతో ఎత్తుల పటం తీసి, దానికి దిగువనున్న చినుకుల్ని చంపేయాలి. గోడోలో దీనికి హైట్‌ఫీల్డ్ కొలిజన్ నోడ్ సిద్ధంగా ఉంది.

అసలు వాన కనిపించేది నేల మీద. తడిసిన సిమెంటు, మట్టి, ఇటుకల రంగును 0.5 నుంచి 0.7తో హెచ్చించి ముదురు చేయండి, రఫ్‌నెస్ (గరుకుదనం) తగ్గించండి, నీటి గుంటల్లో 0.1 దాకా తేవచ్చు. రేకులు, పెయింటు వేసిన గోడలు నీరు పీల్చవు, వాటి రంగు ముదరకూడదు, మెరుపే పెరగాలి. తడవడానికి 30 సెకన్లు, ఆరడానికి 5 నిమిషాలు ఇవ్వండి. రెండింటికీ ఒకే వేగం ఇస్తే స్విచ్చు వేసినట్టు ఉంటుంది.

వాతావరణాన్ని ఎవరు నడపాలి?

గాలిని పూర్తిగా ద్రవంలా లెక్కకట్టాలని ఉత్సాహపడేవాళ్లుంటారు. 20 కిలోమీటర్ల చదరం, 5 కిలోమీటర్ల ఎత్తును 100 మీటర్ల గడులుగా కోసినా 20 లక్షల గడులు. ఇంతా చేస్తే 100 మీటర్లకు ఒక్క విలువే చేతికొస్తుంది, వీధి మలుపులో దుమ్ము లేవడం అందులో కనిపించదు. వద్దు.

నిజమైన వాతావరణ సమాచారాన్ని తెచ్చుకోవడం రెండో దారి. ఓపెన్-మీటియో వంటి సేవ వ్యాపారేతర పనులకు ఏపీఐ కీ (అనుమతి కోడ్) లేకుండానే ఉష్ణోగ్రత, తేమ, గాలి, వాన, మబ్బు అంకెలు ఇస్తుంది. గంటకోసారి అడిగి దాచుకోండి, నెట్ లేనప్పుడు దాచిన దానితో నడపండి. ముచ్చటగా ఉంటుంది గానీ రాత్రి తొమ్మిదింటికి ఆడేవాడికి ఏడాది పొడవునా రాత్రే కనిపిస్తుంది. మే నెలంతా వానే రాకపోవచ్చు కూడా. కథ వాన మీద నడిచే గేమ్‌కు ఇది ముప్పు.

మూడోది సెట్ల పద్ధతి. వడగాడ్పు, గాలిదుమ్ము, జడివాన, ముసురు, మంచు తెల్లవారుజాము, తేట సాయంత్రం అంటూ ఒక్కోదానికి పది పన్నెండు అంకెల పట్టీ రాసి, ఒకదాని నుంచి ఇంకోదానికి జరపడం. నూటికి తొంభై గేమ్‌లకు ఇదే సరి. కిటుకంతా జరిపే వరుసలో ఉంది. అంకెలన్నీ ఒకేసారి జరిపితే ఆకాశం కరిగినట్టు ఉంటుంది. మే సాయంత్రం వాన ఎలా వస్తుందో అలాగే రాయండి. ముందు గాలి ఆగుతుంది, ఆకులు కదలవు. తర్వాత ఈదురుగాలి, దుమ్ముతో కనుచూపు మేర 5 కిలోమీటర్ల నుంచి 800 మీటర్లకు 40 సెకన్లలో పడిపోవాలి. వెలుగు ముదురు పసుపుకు తిరగాలి. వీధి దీపాలు ఆరాలి, కరెంటు పోతుంది గదా! ఆపైన పెద్ద చినుకులు అక్కడొకటి ఇక్కడొకటి, 20 సెకన్లకు జోరు. మెరుపుకు ఉరుముకు మధ్య కిలోమీటరుకు 3 సెకన్ల జాప్యం పెట్టండి. నలుగురు కలిసి ఆడే గేమ్ అయితే సర్వరు ఈ అంకెలన్నీ పంపనక్కర్లేదు. పట్టీ పేరు, మొదలైన సమయం, యాదృచ్ఛిక విత్తనం (ర్యాండమ్ అంకెల వరుసను మొదలుపెట్టే సీడ్ అంకె) పంపితే ప్రతి ఫోనూ అదే వాన కురిపించుకుంటుంది.

చేతిలోని మెషీన్‌ను బట్టి

60 ఎఫ్‌పీఎస్‌కు (సెకనుకు 60 ఫ్రేములకు) ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు, 30కి 33.3. అందులో ఆకాశం, మంచు, వాన కలిపి 3 మిల్లీసెకన్లు దాటనివ్వకండి. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఫొటో ఆకాశమో ప్రీతమో, ఆకాశం రంగు తీసుకునే ఫాగ్, కెమెరా పెట్టె వాన, తడి నేల, ఇంతే. ఎండమావి కోసం తెర మొత్తాన్ని వంకర తిప్పే ఎఫెక్టు పెట్టొద్దు, తెరను కాపీ చేయడం ఫోన్‌కు భారం. 100 మీటర్ల అవతల రోడ్డు మెటీరియల్ ఆకాశాన్ని ప్రతిఫలించేలా చేస్తే గుంటూరు హైవే మీద నీళ్లు నిలిచినట్టే కనిపిస్తుంది. జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు స్థాయి ల్యాప్‌టాప్‌కు హిలేర్ ఆకాశం, హైట్ ఫాగ్, ఒకటి రెండు చోట్ల వాల్యూమెట్రిక్ పెట్టెలు, బొమ్మ మేఘాలు వాటి నీడలతో. వాల్యూమెట్రిక్ మేఘాలు అంతకు పై కార్డులకే, అదీ సెట్టింగుల్లో ఆపేసుకునే వీలుతో.

గోడోలో పొద్దు కదిలే గేమ్ చేస్తుంటే స్కై ప్రాసెస్ మోడ్‌ను రియల్-టైమ్‌కు మార్చి రేడియన్స్ సైజును 256కు పెట్టాలి. లేదంటే ఆకాశం మారినా నేల మీది ప్రతిఫలాలు వెనకబడతాయి.

పరీక్ష ఏసీ గదిలో పది నిమిషాలు ఆడి ముగించకండి. వేసవి మధ్యాహ్నం, ఫ్యాన్ మాత్రమే ఉన్న గదిలో, ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి జడివాన సెట్‌ను 30 నిమిషాలు నడపండి. ఫోన్ వేడెక్కి వేగం తగ్గించుకునేది 15, 20 నిమిషాల తర్వాతే. అప్పటి ఫ్రేము సమయమే మీ అసలు అంకె. అది 33 మిల్లీసెకన్లు దాటితే ముందు చినుకుల సంఖ్యను సగం చేయండి, తర్వాత తెర రిజల్యూషన్‌ను 80 శాతానికి దించండి. ఫాగ్‌ను, తడి నేలను చివరి వరకు ముట్టుకోకండి.